సెలవులో శ్రమదానం: ఎవరి సెలవు?



అమెరికాలో జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల గుండా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ కాలిబాటను ప్రధానంగా స్వచ్ఛంద కార్యకర్తలే కాపాడుతున్నారు. కొందరు వారం రోజులు సెలవు పెట్టి, గుడారాల్లో ఉంటూ పొదలు నరుకుతారు, పడిన చెట్లు కోస్తారు. వాననీరు బాటను కోసేయకుండా అడ్డంగా రాళ్లు పాతి పక్కకు మళ్లిస్తారు.

1955లో 67 ఏళ్ల ఎమ్మా గేట్‌వుడ్ ఈ బాటంతా ఒంటరిగా నడిచింది. ఒకే ఏడాదిలో అలా నడిచిన మొదటి స్త్రీ ఆమే. 11 మంది పిల్లల్ని పెంచి, ఏళ్ల తరబడి భర్త దెబ్బలు భరించి, చివరకు విడాకులు తీసుకున్న మనిషి. బాట అధ్వాన్నంగా ఉందని ఆమె పత్రికలవాళ్లకు నిర్మొహమాటంగా చెప్పింది.

అలాంటి బాటలను బాగుచేయడానికి స్త్రీలు రంపం, గడ్డపార పట్టడం మంచిదే. అయితే ఆ సెలవు ఎవరికి దొరుకుతుంది? అక్కడి కేంద్ర చట్టం ప్రైవేటు యజమానులు జీతంతో సెలవు ఇచ్చి తీరాలని చెప్పదు. గంటల లెక్కన పనిచేసే స్త్రీకి వారం సెలవంటే వారం కూలి పోవడమే. ఇంటి చాకిరీకి సెలవే లేదు.

దానం చేయాలంటే ముందు అది మనదై ఉండాలి. స్త్రీకి తన సమయం తనదెప్పుడైంది? శ్రమదానానికి పిలిచేవారిని, ఇక్కడైనా అక్కడైనా, మనం అడగాలి: ఆ వారం కూలి ఎవరిస్తారు? ఇంటి పని ఎవరు పంచుకుంటారు? జవాబు లేనంతవరకు 'స్వచ్ఛందం' కొందరి సౌకర్యమే, అందరి హక్కు కాదు.