చక్రం పట్టేస్తోందా? క్యాలిపర్ కొనేముందు ఈ నిపుల్ విప్పండి

ఈ రోజు బండి ఎంజీబీ. 1962లో వచ్చింది, 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్‌లో తయారైంది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బర్మింగ్‌హామ్‌లో ఉండే మన తమ్ముడొకడు మెసేజ్ పెట్టాడు. అరగంట నడిపితే ఎడమవైపు ముందు చక్రం కాలిన వాసన, చల్లారితే మామూలేనట. "కొత్త క్యాలిపర్ కొనెయ్యనా అన్నా?"

ఆగు తమ్ముడూ. ముందు ఆ బండిని రోడ్డెక్కించకు. ప్యాడ్ రాసుకుంటుంటే వేడి ఫ్లూయిడ్‌కి పాకుతుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీలు తట్టుకోవాలి. తేమ పీల్చాక ఆ లెక్క 155కి పడిపోతుంది. మరిగిందా, పైపులో ఆవిరి, పెడల్ నేలకి. తొలి ఎంజీబీల్లో నాలుగు చక్రాలకీ ఒకటే సర్క్యూట్. కొండ దిగుతున్నప్పుడు చేతిలో మిగిలేది హ్యాండ్‌బ్రేకే.

ఇప్పుడు టెస్ట్. చక్రం పట్టేసి ఉన్నప్పుడే చెయ్యాలి, చల్లారాక చేస్తే ఏమీ తెలీదు. జాకీ మీద లేపి, స్టాండ్ పెట్టి, పెడల్ గట్టిగా తొక్కి వదలండి. చక్రం తిరగట్లేదా? కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని క్యాలిపర్ మీది బ్లీడ్ నిపుల్ కాస్త వదులు చెయ్యండి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం తిరిగిందంటే లోపల ప్రెషర్ చిక్కుకుంది. అప్పటికీ తిరగకపోతే పిస్టన్ తుప్పుపట్టిందో, ప్యాడ్ ఇరుక్కుందో. అప్పుడే క్యాలిపర్ మాట.

ప్రెషర్ చిక్కిందనుకోండి. నిపుల్ బిగించి, మళ్లీ తొక్కి వదలండి. ఈసారి రబ్బరు హోస్‌కి ఇనుప పైపు కలిసే చోట నట్ వదులు చెయ్యండి. (ఫ్లేర్ స్పానర్ వాడండి, మామూలుది నట్ మూలలు తినేస్తుంది.) ఇక్కడ విప్పగానే చక్రం తిరిగితే హోస్ బాగానే ఉంది, తేడా పైన మాస్టర్ సిలిండర్ వైపు. తిరగకుండా, నిపుల్ విప్పితేనే తిరిగితే దొంగ హోసే.

పైకి కొత్తగా కనిపించే హోస్ ఇలా ఎందుకు చేస్తుందంటారా? లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతుంది. మీరు తొక్కే బలానికి ఫ్లూయిడ్ దూరి వెళ్తుంది. వెనక్కి రావడానికి అంత బలం ఎక్కడిది? డిస్క్ బ్రేక్‌లో లాగే స్ప్రింగ్ లేదు, పిస్టన్ సీల్ కాస్త సాగి వెనక్కి లాగడమే. ఆ కొంచెం బలం చాలదు.

ముందు రెండు చక్రాలూ కలిసి వేడెక్కితే మాత్రం హోస్‌ల జోలికి వెళ్లకండి. పెడల్ రాడ్‌కీ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కీ మధ్య కాస్త ఖాళీ ఉందా చూడండి. లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఫ్లూయిడ్ తిరిగెళ్లే చిన్న రంధ్రం మూతపడే ఉంటుంది. వెనక రెండూ పడితే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ చూడండి, ఆ తర్వాత యాక్సిల్‌కి వెళ్లే హోస్. వెనక ఇద్దరికీ అదొక్కటే.

తమ్ముడూ, హోస్ అని తేలితే ఎడమదొక్కటే కాదు, కుడిదీ మార్చు. రెండూ ఒకే వయసువి.