మోకాలి గురించి ఫోన్ కెమెరా ఎంతవరకు చెప్పగలదు?

ఈ ఎపిసోడ్‌లో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. మీలో చాలామంది గ్రౌండ్‌లో ఫోన్ పట్టుకుని ఇదే పని చేస్తుంటారు, అందుకే చివరిదాకా వినండి.

మా చెల్లి ఇంటర్ చదువుతోంది. వాలీబాల్ ఆడుతుంది. స్మాష్ కొట్టి కిందికి దిగినప్పుడల్లా ఎడమ మోకాలు నొప్పి పుడుతోందని చెప్పింది. నేను వెంటనే ఫోన్‌లో ఒక యాప్ వేశాను. వీడియో తీస్తే చాలు, కీళ్ళ దగ్గర చుక్కలు పెట్టి, వాటిని గీతలతో కలిపి, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో చూపిస్తుంది. కోర్టు పక్కన నిలబడి తీశాను. మోకాలు బాగానే వంగుతోంది. "నీ ల్యాండింగ్ సూపర్‌గా ఉందే, భయపడకు, ఆడుకో" అన్నాను. నా మాట నమ్మి ఇంకో రెండు మ్యాచ్‌లు ఆడింది. రెండో మ్యాచ్ అయ్యాక మోకాలు వాచిపోయి మెట్లు కూడా దిగలేకపోయింది.

అదృష్టం, లిగమెంట్ తెగలేదు. కానీ రెండు నెలలు ఆట ఆపేయమన్నారు.

ఫిజియో దగ్గర నా వీడియో గొప్పగా చూపించాను. ఆవిడ చూసి, "పక్క నుంచి తీశావు బాబూ. ఎదురుగా నిలబడి తీసి ఉంటే తెలిసేది" అన్నారు. ఇంటికొచ్చి పాత మ్యాచ్ వీడియోలు వెతికితే, ఎవరో ఎదురుగా తీసింది ఒకటి దొరికింది. దిగిన ప్రతిసారీ ఎడమ మోకాలు లోపలికి, కుడి మోకాలి వైపు పడిపోతోంది. ఇంకో మాట చెప్పాలి. వాళ్ళ పీఈటీ సార్ అంతకుముందే "అమ్మాయ్, దిగేటప్పుడు మోకాళ్ళు కలిసిపోతున్నాయి చూసుకో" అన్నారట. యాప్‌లో బాగుందని వచ్చింది కదా అని నేనే దాన్ని కొట్టిపారేశాను.

అసలు ఈ యాప్‌లు ఎలా పనిచేస్తాయి? పాత పద్ధతిలో ల్యాబ్‌లో ఆటగాడి ఒంటి మీద మెరిసే చిన్న గోళీల్లాంటి మార్కర్లు అంటిస్తారు. చుట్టూ పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు వాటిని పట్టుకుంటాయి. మార్కర్లు లేని పద్ధతిలో ఆ పని ఏఐ చేస్తుంది. మనుషులు కీళ్ళు గుర్తుపెట్టిన వేల వేల ఫొటోలతో దానికి ముందే ట్రైనింగ్ ఇస్తారు. గూగుల్ వాళ్ళ మీడియాపైప్ పోజ్ అయితే ఒంటి మీద 33 చుక్కలు గుర్తిస్తుంది. గుర్తుంచుకోండి, అది కీలుని చూడట్లేదు, ఎక్కడుందో అంచనా వేస్తోంది. వదులు ప్యాంటు వేసుకున్నా, వెలుతురు తక్కువైనా, ఒక కాలు ఇంకో కాలికి అడ్డొచ్చినా ఆ అంచనా తప్పుతుంది.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. ఏదైనా పుస్తకం టేబుల్ మీద పెట్టండి. దాని మూల 90 డిగ్రీలు కదా. పైనుంచి తిన్నగా ఒక ఫొటో తీయండి, తర్వాత పక్కకి జరిగి ఏటవాలుగా ఇంకోటి తీయండి. రెండో ఫొటోలో ఆ మూల 90 లాగా కనిపించదు. పుస్తకం మారలేదు, మీరు నిలబడిన చోటు మారింది. మోకాలికీ ఇంతే. ఒక్క కెమెరాతో మోకాలు ఎంత వంగిందో చూడాలంటే పక్క నుంచి తీయాలి. లోపలికి పడుతోందా లేదా చూడాలంటే తిన్నగా ఎదురుగా ఉండాలి. నేను ఒక ప్రశ్నకి వీడియో తీసి ఇంకో ప్రశ్నకి జవాబు చెప్పేశాను.

ఇంకోటి, స్పీడ్. మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిన సంఘటనల వీడియోలు పరిశీలించిన పరిశోధకులు, కాలు నేలని తాకిన దాదాపు 40 మిల్లీసెకన్లలోనే దెబ్బ తగులుతోందని చెప్పారు. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు, అంటే 33 మిల్లీసెకన్లకి ఒకటి. ఆ టైమ్‌లో మీకు దొరికేది ఒకటో రెండో ఫ్రేములు. అదే 240 ఫ్రేముల స్లో మోషన్‌లో అయితే పది దాకా వస్తాయి. అందుకే స్లో మోషన్ వాడండి.

మరి ఫోన్‌తో ల్యాబ్ లాంటి కొలత అసలు రాదా? దగ్గరగా వస్తుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ఓపెన్‌క్యాప్ అనేది తయారుచేశారు. 2023లో దాని మీద పేపర్ వచ్చింది. రెండు ఐఫోన్లు లేదా ఐప్యాడ్లు స్టాండ్ల మీద వేర్వేరు కోణాల్లో పెడతారు. చదరంగం గళ్ళున్న ఒక షీటు చూపించి కెమెరాలు ఎక్కడున్నాయో సరిచూస్తారు. రెండు కోణాలు కలిపితే త్రీడీ కదలిక వస్తుంది. దాన్నుంచి కండరాల మీద పడే బలాన్ని కూడా లెక్కగడతారు. అంత చేసినా ల్యాబ్‌తో పోలిస్తే కీళ్ళ కోణంలో సగటున 4, 5 డిగ్రీల తేడా ఉంటుంది. మరి చేత్తో పట్టుకున్న ఒక్క ఫోన్ "172.4 డిగ్రీలు" అని చూపిస్తే, ఆ పాయింటు నాలుగుని నమ్మొచ్చా? నేను నమ్మాను.

ఇప్పుడు మేము ఇలా చేస్తున్నాం. ఫోన్ స్టాండ్ మీద, మోకాలి ఎత్తులో పెడతాం. నేల మీద టేపు అంటించాం, ప్రతిసారీ అదే చోటు, అదే దూరం. మంచి వెలుతురులో, షార్ట్స్ వేసుకుని, ఎదురుగా ఐదు దూకుళ్ళు, పక్క నుంచి ఐదు. ఒక్క దూకుడు చూసి ఏమీ తేల్చం. వేరేవాళ్ళతో పోల్చం, తన పోయిన వారం వీడియోతోనే పోలుస్తాం. వీడియోలు ఫిజియోకి చూపిస్తాం, ఏ ఎక్సర్‌సైజ్ చేయాలో ఆవిడే చెప్తారు. నొప్పి ఉన్న రోజు వీడియో తీయం, రెస్ట్.

ఇంకో జాగ్రత్త. మీ టీమ్‌లో ఎవరి వీడియో తీసినా ముందు వాళ్ళని అడగండి. చిన్నపిల్లలైతే ఇంట్లోవాళ్ళనీ అడగండి. కొన్ని యాప్‌లు వీడియోని ఫోన్‌లోనే చూస్తాయి, కొన్ని వాళ్ళ సర్వర్‌కి పంపిస్తాయి. అది చూసుకున్నాకే వాడండి. ఆ వీడియోలు గ్రూపుల్లో మాత్రం పెట్టొద్దు.

చెల్లి పోయిన నెల నుంచి మళ్ళీ కోర్టులోకి దిగింది. మోకాలు ఇంకా కొంచెం లోపలికి వస్తోంది, కానీ ముందంత కాదు. మొన్న నేను ఫోన్ తీయగానే, "అన్నయ్యా, ముందు నన్ను అడుగు, నొప్పి ఉందో లేదో" అంది. కరెక్టే కదా. నొప్పి ఉందని మనిషి చెప్తుంటే, యాప్ ఏం చూపించినా ముందు మనిషి మాటే వినండి.

మీరు ఏ ఆట ఆడతారో, ఏ కోణం నుంచి తీస్తున్నారో కామెంట్‌లో చెప్పండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.