పతంగికి తగ్గ దారం

(సూరత్‌లోని మన శాఖల తెలుగు కుటుంబాల సంక్రాంతి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

బదిలీ మీద సూరత్ వచ్చిన మనకు జనవరి 14న రెండు పండుగలు. కింద వాకిట్లో ముగ్గు, పైన డాబా మీద ఉత్తరాయణ్. మన కనుమ నాడు వీళ్లకు వాసి ఉత్తరాయణ్. ఉంధియు, జిలేబీ డాబా మీదికే వచ్చేస్తాయి. రెండు రోజులూ ‘కాయ్‌పో ఛే’ కేకలే.

పండుగ జాగ్రత్తల గురించి రెండు మాటలు చెప్పమన్నారు. జాగ్రత్తల జాబితా చదివితే మీరు సర్క్యులర్ విన్నట్టే విని వదిలేస్తారు. అందుకని దారం ఎలా ఎంచుకోవాలో చెబుతాను. జాగ్రత్త అందులోనే ఉంది.

డబ్‌గర్‌వాడ్ బజారుకు వెళితే రోడ్డు పక్కనే దారానికి రంగు, గంజి, గాజుపొడి పట్టిస్తుంటారు. సూర్తీ మాంజా అంటే గుజరాత్ అంతా పేరు. కొట్లో అడిగితే ఆరు తార్, తొమ్మిది తార్, పన్నెండు తార్ అంటారు. తార్ అంటే పోగు. మనవాళ్లు చాలామంది ‘గట్టిది ఇవ్వండి’ అని పన్నెండు తార్ తెచ్చేస్తారు. పిల్లవాడి చేతిలో ఉన్నది జానెడు పతంగి. అదే రకం పోగైతే పన్నెండు తార్ దారం ఆరు తార్ దారానికి సరిగ్గా రెట్టింపు బరువు. వంద మీటర్లు వదిలేసరికి పతంగి గాలిని కాదు, దారాన్ని మోస్తుంటుంది. దారం బట్టలారేసే తీగలా వేలాడుతుంది. ఇక్కడ లాగితే అక్కడికి కబురు అందదు.

తిరగేసి చూడండి. పెద్ద పతంగికి సన్న దారం కడితే ఒక్క గాలి తెరకు పుటుక్కున తెగుతుంది. పతంగి పక్క ఒకటిన్నర రెట్లు పెరిగితే వైశాల్యం రెండుంపావు రెట్లు అవుతుంది. గాలి వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలు. పొద్దున పదింటికి చక్కగా నిలిచిన దారం మధ్యాహ్నం తెగిందంటే తప్పు దారానిది కాదు. గాలి పెరిగినప్పుడు దారం మార్చనక్కర్లేదు, చిన్న పతంగి కట్టుకుంటే చాలు. ఈ ఒక్క మాట గుర్తుంటే మా అబ్బాయి స్నేహితుల్లో సగం మందికి పండుగ ఖర్చు తగ్గేది.

ఈ లెక్క పతంగులకే కాదు. విదేశాల్లో ఫ్లై ఫిషింగ్ అని ఒక రకం చేపల వేట ఉంది. గాలానికి ఎరగా ఈకలతో కట్టిన పురుగు బొమ్మ ఉంటుంది. దానికి బరువే ఉండదు, విసిరితే పోదు. అందుకని దారమే బరువుగా ఉంటుంది. ఆ బరువుకు కర్ర వంగి, తిరిగి నిటారై, దారాన్ని ముందుకు తోస్తుంది. కర్ర మీద ఒక అంకె వేస్తారు, అదే అంకె దారం కొనాలి. 5 నంబరు దారమంటే మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. 8 నంబరుది 210 గ్రెయిన్లు. 5 నంబరు కర్రకు 8 నంబరు దారం తగిలిస్తే కర్ర వంగిపోతుంది. 8 నంబరు కర్రకు 5 నంబరు దారమైతే అసలు వంగదు. పూర్వం పట్టు దారాలు వాడే రోజుల్లో లావును బట్టి అక్షరాలతో గుర్తు పెట్టేవారు. నైలాన్ వచ్చాక లావు ఒకటే అయినా బరువు వేరైంది, ఆ గుర్తులు పనికిరాకుండా పోయాయి. అప్పుడు బరువును పట్టుకున్నారు.

లింబాయత్ వైపు మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. డెనియర్ అంటే 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములన్న లెక్క. అంకె పెరిగితే పోగు లావు. నూలు కౌంట్ దీనికి తలకిందులు. ఒక పౌండు బరువుకు 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అంత కౌంట్, అంకె పెరిగితే పోగు సన్నం. కాబట్టి కొట్లో అంకె విని మోసపోకండి. పోగు నూలేనా అని అడగండి.

అసలు విషయం ఇక్కడే ఉంది. జత కుదరక దారం రెండుసార్లు తెగగానే పిల్లలు ‘తెగని దారం’ కోసం వెతుకుతారు. అదే నైలాన్ దారం, చైనా దోరి. పేరు చైనాదే గాని చాలామటుకు మన దేశంలోనే తయారవుతుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దాన్ని దేశమంతటా నిషేధించింది. అయినా చాటుగా దొరుకుతూనే ఉంది. నూలు దారం మెడకు తగిలినా కోస్తుంది, కాదనను. కానీ లాగుడు ఎక్కువైతే తెగిపోతుంది. నైలాన్ సాగుతుంది గాని తెగదు. స్కూటర్ మీద వచ్చే మనిషి గొంతు దగ్గర ఆ తేడా ప్రాణమంత. ఈ రెండు రోజులూ ఇక్కడి ఫ్లైఓవర్ల మీద ద్విచక్ర వాహనాలకు పోలీసులు ఆంక్షలు పెట్టేది అందుకే. మీ బండికి ముందు వంపు కడ్డీ బిగించుకోండి, పిల్లల్ని ముందు నిలబెట్టుకోకండి.

నా సలహా ఇదీ. పదేళ్లలోపు పిల్లలకు మాంజా వద్దు. గాజుపొడి లేని సన్నని సాదా నూలు దారం, చిన్న పతంగి చాలు. సూత్రం కట్టాక యాభై మీటర్లు వదిలి దారం వైపు చూడండి. వేలాడితే దారం బరువెక్కువ. బిర్రుగా బిగిసి, వేలు ఆనిస్తే జివ్వుమంటుంటే తెగడానికి సిద్ధంగా ఉంది, చిన్న పతంగికి మారండి. కాస్త వంపు తిరిగి నిలిస్తే జత కుదిరినట్టే. సాధారణంగా దారం తెగేది ముడి దగ్గరే. ముడి నలిగితే కోసేసి కొత్తగా వేయండి.

ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత పక్షులు గూళ్ల నుంచి వచ్చిపోయే వేళలు. అప్పుడు ఎగరేయవద్దు. దెబ్బ తగిలిన పక్షి కనిపిస్తే 1962కు ఫోన్ చేయండి. వాసి ఉత్తరాయణ్ మర్నాడు డాబా మీద, చెట్ల మీద మిగిలిన దారం పిల్లల చేత పోగు చేయించండి. ఎవరి సంచి ఎక్కువ తూగితే వాళ్లకు మా ఇంట్లో అరిసెలు.

టీ అయ్యాక వరండాలోకి రండి. చిన్న త్రాసు తెచ్చాను. మీ ఫిర్కీలో దారం వంద మీటర్లకు ఎంత తూగుతుందో, మీ పతంగి ఎంత తూగుతుందో చూద్దాం.