మోకాలి జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున కావ్యప్రసంగము చేయక కాళ్లనొప్పులను గూర్చి మాటలాడుటేమని మీకు తోచవచ్చును. సహకార సంఘమున లెక్కలు వ్రాయుట నా వృత్తి. భాగవతము చదువుకొనుట నా వ్యసనము. ఈ రెండును కలిసియే నన్నీ విషయమునకు తెచ్చినవి. పోతనగారి గజేంద్రుని మొసలి పట్టినది కాలినే గదా! మొర వినిన శ్రీహరి వైకుంఠము విడిచి మడుగు కడకే పరుగెత్తి వచ్చెను. మన పల్లెలలో మోకాలిని పట్టిన మొసలిని విడిపించు వైద్యమో, నగరముననే కూర్చున్నది. కాలీడ్చుకొని పోవలసినది రోగియే.

మోకీలు అరిగినపుడు ఎముకల కొనలమీది మెత్తని పొర నశించి, ఎముక ఎముకతో రాచుకొనును. వయస్సు, స్థూలకాయము, పాత దెబ్బలు, ఏండ్ల తరబడి గొంతుకూర్చుండి చేయు పని, బరువుల మోత ఇందులకు కారణములు. స్త్రీలకీ బాధ అధికము. నాట్లు, కలుపు, చెరకు కోత, పసుపు త్రవ్వుట; మన సీమ పనులలో మోకాలికి విశ్రాంతి యిచ్చునది యేది? తొలిదశలో తొడకండరములకు వ్యాయామము, బరువు తగ్గించుకొనుట, చేతికఱ్ఱ మేలు చేయును. అవి చాలనప్పుడు వైద్యులు అరిగిన కొనలను తొలగించి, లోహపు తొడుగులను, వాని నడుమ గట్టి ప్లాస్టిక్ పలకను అమర్చుదురు. 1962లో ఇంగ్లండున జాన్ చార్న్‌లీ అను వైద్యుడు తుంటికీలు మార్పిడికి స్థిరమైన పద్ధతి నేర్పరచిన పిదప ఈ కీళ్ల మార్పిడి విద్య లోకమున వ్యాపించినది.

ఇక మన సంగతి. 1931లో నిజాంసాగరము పూర్తికాగా బోధన్ ప్రాంతము చెరకుసీమ యాయెను. 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది. 1964లో అదే నిజాము పేర ఎముకల ఆస్పత్రి హైదరాబాదున వెలసి, పిమ్మట నిమ్స్ అను మహాసంస్థగా ఎదిగినది. చెరకు ఇచ్చట, ఎముకల వైద్యము అచ్చట; నడుమ సుమారు 200 కిలోమీటర్లు. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడగా, కష్టకాలమున ఆదుకొను నెలజీతములును పోయినవి. 2013లో నిజామాబాదున ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమగుట మనకు గొప్ప మేలు. కాని దూరమంతయు కిలోమీటర్లలోనే లేదు.

2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము మోకాలి పరికరములకు గరిష్ఠ ధర నిర్ణయించినది. సగటున 1,58,000 రూపాయలకు పైబడి అమ్ముడగుచుండిన సాధారణ రకమునకు ఆనాడు పన్ను గాక 54,720 రూపాయలు ఖరారు చేసిరి. ఇది మెచ్చదగిన కార్యము. అయినను పరికరము వెల చిట్ఠాలో ఒక్క పద్దు మాత్రమే. శస్త్రచికిత్స రుసుము, మందులు, పరీక్షలు, తోడు పోయిన వాని కూలి, రాకపోకలు, వారముల తరబడి వ్యాయామము చేయించువాని ఖర్చు, మంచమున నున్న నాళ్ల ఆదాయనష్టము, ఇవన్నియు వేరు పద్దులు. ఆస్పత్రి రసీదులో వీనిలో సగము కానరావు.

2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణమున 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగినది. కాని పరిమితి పెద్దదగుట వేరు, మనకు కావలసిన చికిత్స పట్టికలో నుండుట వేరు, ఆ చికిత్స చేయు ఆస్పత్రి చేరువలో నుండుట వేరు. ఈ మూడు ప్రశ్నలును అడుగవలెనని తెలిసిన వారే లబ్ధి పొందుదురు. వైద్యము ఉచితమైన ఇంగ్లండునందే, పేదప్రాంతముల వారు తమ అవసరమునకు తగినన్ని కీళ్ల చికిత్సలు పొందుటలేదని 2010లో వెలువడిన పరిశోధన తేల్చినది. ఉచితమన్నంత మాత్రమున తలుపు తెరచినట్లు కాదు.

అన్నిటికంటె పెద్ద అడ్డంకి ఇంటిలోనే కలదు. మా వీధిలోని ఒక కూలితల్లిని ఆస్పత్రికి పొమ్మనగా, "నా కాళ్లు ఎవలకు గావాలె సారూ? ముందుగాల పిలగాని ఫీజు గట్టాలె" అనెను. తన బాధను ఖర్చు పద్దులోనైనను వ్రాసికొనని జీవితమది! అట్టివారు నొప్పిమాత్రలను ఏండ్ల తరబడి మ్రింగి కడుపును, మూత్రపిండములను చెరుపుకొనుచున్నారు.

మరియొక మాట. కీలు మార్చిన పిదప నేలపై గొంతుకూర్చుండుట సాధారణముగా కూడదందురు. కుర్చీలో కూర్చుండి పనిచేయువానికి అది చిన్న నియమము. కలుపు తీయు స్త్రీకి అది జీవనోపాధి ప్రశ్న. ఇంటిలో ఎత్తైన మరుగుదొడ్డి, కూర్చుండి చేయదగిన పని, ఈ రెండును చికిత్సలో భాగములే యని నా మనవి.

ఇందు గ్రంథాలయము చేయగలిగిన పని యేమి? పుస్తకముల బీరువా ప్రక్కన ఒక బల్ల వేయుడు. చదువు వచ్చిన యువకుడొకడు వారమునకొక దినము కూర్చుండి, ఏ చికిత్స ఏ ఆస్పత్రిలో పథకము క్రింద జరుగునో విచారించి చెప్పవలెను, కాగితములు సరిచూడవలెను, ఒంటరి వృద్ధులకు తోడు కుదుర్పవలెను. తొడకండరముల వ్యాయామమును వైద్యునిచే నేర్పించి మన వరండాలోనే చేయింపవలెను. నిజామాబాదు పెద్దాస్పత్రిలో ఈ చికిత్స పేదలందరికి ఆలస్యము లేక అందవలెనని మనమందరము చేవ్రాళ్లు చేసి విన్నవింపవలెను.

ఈ గ్రంథాలయమునకు మెట్లు మూడు. ఆ మూడు మెట్లెక్కలేక పత్రికాపఠనము మానుకొనిన పెద్దలు మన గ్రామమున కలరు. స్వర్ణోత్సవమునాటికి వారివంటివారు నడచివచ్చి ముందు వరుసలో కూర్చుండునట్లు చేయుదము. సెలవు.