ఆమె ఉద్వేగం, మన ధ్యాస

(నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గరకు సాయం కోసం వచ్చే స్త్రీ ముందుగా తెచ్చేది కాగితాలు కాదు. ఏడుపు తెస్తుంది, కోపం తెస్తుంది, భయం తెస్తుంది. ఒక్కోసారి ఏమీ మాట్లాడకుండా గంటసేపు కూర్చుంటుంది. ఆ ఉద్వేగాన్ని మనం ఏ మాటల్లో రాసుకుంటామనే దానిమీద చాలాసార్లు ఆమె కేసు ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ రోజు మనస్తత్వశాస్త్రంలోని రెండు విషయాల గురించి, ఉద్వేగం గురించి, ధ్యాస గురించి మాట్లాడదలిచాను.

పాఠ్యపుస్తకాల్లో ధ్యాసను అవధానం అంటారు. ఎనిమిది అంశాలమీద ఏకకాలంలో ధ్యాస నిలిపే పండితుణ్ణి అష్టావధాని అని సన్మానిస్తాం. పొయ్యిమీద ఎసరు, చంకలో బిడ్డ, మంచంలో ఉన్న అత్త, పాలు పితకాల్సిన గేదె, ఇన్నింటిమీదా ధ్యాస పెట్టే ఆడమనిషికి ఏ బిరుదూ లేదు. ఒక్క పని మరిచిపోతే మాత్రం "నీ ధ్యాస ఎక్కడుంది?" అనే మాట ఉంది.

ఈ ధ్యాసకు మార్కెట్లో ధర కూడా ఉంది. 1990లలో, 2000 తర్వాతి సంవత్సరాల్లో పూర్వపు కర్నూలు జిల్లాలోని సంకర పత్తి విత్తనాల పొలాల్లో ఎంతోమంది ఆడపిల్లలు బడి మాని పనిచేశారు. సాయంత్రం ఒక్కొక్క మొగ్గలోంచి పుప్పొడి భాగాలను చేత్తో తీసెయ్యాలి, మర్నాడు పొద్దున వేరే పువ్వు పుప్పొడి అద్దాలి. ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయనీ, వాళ్లు ధ్యాసపెట్టి చేస్తారనీ, కూలి తక్కువనీ చెప్పి వాళ్లను పెట్టుకున్నారు. ఆ పిల్లల ధ్యాస అందరికీ కావలసివచ్చింది. ఆ పిల్లలమీద ధ్యాస పెట్టడానికి మాత్రం చాలాకాలం ఎవరికీ తీరిక లేకపోయింది.

శాస్త్రం కూడా ఇందుకు భిన్నంగా ఏమీ లేదు. తెలుగు ప్రాంతంలో ఈ లోటును పూడ్చిన పరిశోధకుల్లో సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త యు. వింధ్య గారు ముఖ్యులు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించి, తర్వాత హైదరాబాద్‌లోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో పనిచేశారు. ఆమె రచనల్ని వరుసగా చూడండి. 1990లో ఇలీనా సేన్ సంపాదకత్వంలో వచ్చిన సంకలనంలో శ్రీకాకుళ పోరాటంలోని స్త్రీల గురించి రాశారు. 1998లో విప్లవోద్యమంలో లైంగికత, అస్తిత్వం గురించి, చలం వారసత్వాన్ని కలుపుకుని రాశారు. 2000లో ఆంధ్రప్రదేశ్‌లోని వరకట్న మరణాలపట్ల నేర న్యాయవ్యవస్థ ఎలా స్పందించిందో పరిశీలించారు. 2001లో సహ పరిశోధకులతో కలిసి, మానసిక వేదనతో ఆసుపత్రికి వచ్చిన స్త్రీలపై అధ్యయనం ప్రచురించారు. 2007లో భారతదేశంలో జెండర్‌పై రెండు దశాబ్దాల మనస్తత్వ పరిశోధనను సమీక్షించారు.

ఉద్యమం, దాంపత్యం, కోర్టు, ఆసుపత్రి. మనసును చదివే శాస్త్రం వెళ్లాల్సిన చోట్లు ఇవి. ఆమె కృషినుంచి నేను తీసుకునే పాఠం ఒకటే. స్త్రీ వేదనకు కారణాన్ని ఆమె స్వభావంలో వెతికితే దొరకదు, ఆమె బతుకుతున్న పరిస్థితుల్లో వెతకాలి.

ఈ మాటకు మనస్తత్వశాస్త్రంలోనే గట్టి ఆధారం ఉంది. ఉద్వేగమంటే బుద్ధిని కప్పేసే పొగ అని చాలాకాలం అనుకున్నారు. 1960లో మాగ్డా ఆర్నాల్డ్ అనే పరిశోధకురాలు 'ఉద్వేగం, వ్యక్తిత్వం' అనే గ్రంథంలో మరో దృష్టి చూపించింది. జరుగుతున్నది నాకు మేలా, కీడా అని మనిషి వేసే అంచనానుంచే ఉద్వేగం పుడుతుందని ఆమె వాదన. అంటే, భయపడుతున్న స్త్రీ తన పరిస్థితిని అంచనా వేసిన స్త్రీ. ఆ అంచనా ఏమిటని అడగడం మన పని.

అడగం. ఎందుకంటే మనకు ముందే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మరాదని మన సామెత. మగవాడి కోపం పౌరుషం, ఆడదాని కోపం గయ్యాళితనం. ఫ్యాక్షన్ చూసిన ఈ సీమలో పౌరుషం అనే మాట ఎన్ని ఇళ్లకు దీపం లేకుండా చేసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. అక్కడ పగ కూడా ఉద్వేగమే. కానీ పగతో రగిలే మగవాణ్ణి ఎవరూ ఉద్వేగపరుడు అనరు. ఇది మన ఊళ్ల జబ్బు మాత్రమే కాదు. 2009లో అమెరికాలో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, ఎలైజా బ్లిస్-మోరో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉద్వేగం కనిపించే ముఖాల బొమ్మలు చూపించి, ఆ ఉద్వేగానికి కారణమైన పరిస్థితిని కూడా పక్కనే చెప్పారు. అయినా చూసినవాళ్లు స్త్రీల విషయంలో అది ఆమె స్వభావమనీ, పురుషుల విషయంలో ఆ రోజు అతనికి బాగాలేదనీ ఎక్కువగా తీర్పు చెప్పారు. కారణం కళ్లముందున్నా ధ్యాస దానిమీదకు పోలేదు.

ఇక సాక్ష్యం సంగతి. తీవ్రమైన ఉద్వేగంలో ధ్యాస పరిధి కుంచించుకుపోతుందని 1959లో ఈస్టర్‌బ్రుక్ ప్రతిపాదించాడు. 1987లో ఎలిజబెత్ లాఫ్టస్, ఆమె సహచరులు కొందరికి వరసగా స్లయిడ్లు చూపించారు. ఒక వరసలో మనిషి చేతిలో తుపాకి, మరో వరసలో చెక్కు. తుపాకి చూసినవాళ్ల కళ్లు దానిమీదే ఎక్కువసేపు నిలిచాయి, ఆ మనిషిని గుర్తుపట్టడంలో వాళ్లు వెనకబడ్డారు. అది బొమ్మలతో చేసిన ప్రయోగమే, నిజమైన దాడి కాదు. అయినా మనకు పనికొస్తుంది. వేటకొడవలి చూసిన స్త్రీ దాని పిడి ఎలా ఉందో చెప్పి, పట్టుకున్నవాడి చొక్కా రంగు చెప్పలేకపోవచ్చు. అంతమాత్రాన ఆమె అబద్ధమాడుతున్నట్టు కాదు. అలాగని ఆమెకు గుర్తులేని చోట మనం రంగు పూయకూడదు. గుర్తులేనిదాన్ని గుర్తులేదనే రాయాలి. మనం కలిపిన ఒక్క మాట క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే ఆమె చెప్పిన నిజమంతా కొట్టుకుపోతుంది.

చట్టం కూడా ఉద్వేగాన్ని లెక్కలోకి తీసుకుంది. 2005 గృహ హింస చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. దాని 3వ సెక్షన్ మాటలతో, మానసికంగా పెట్టే బాధను హింసగానే నిర్వచించింది. పిల్లలు లేరని, మగబిడ్డ లేడని చేసే అవమానం అందులో ఉంది. ఆమె కావలసినవాళ్లకు హాని చేస్తానని పదేపదే బెదిరించడం కూడా ఉంది. "నువ్వు స్టేషన్‌కు పోతే మీ అన్నను బతకనీయను" అనే మాట ఈ ప్రాంతంలో వట్టి బెదిరింపు కాదని వినేవాళ్లందరికీ తెలుసు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు భర్త, అతని బంధువుల క్రూరత్వం గురించినవి. స్త్రీ మానసిక ఆరోగ్యానికి కలిగే తీవ్రహాని కూడా వాటి కిందకు వస్తుంది.

ఇలాంటప్పుడు మన రిజిస్టర్‌లో "చాలా ఎమోషనల్‌గా ఉంది, మతి స్థిమితం లేనట్టుంది" అని రాస్తే ఏమవుతుంది? 1955 హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణం. మన వాక్యం ఒక్కదానితో విడాకులు రావు. కానీ ఆ వాక్యం భర్త వకీలు చేతికి అందుతుంది. ఆమె కోసం తెరిచిన రిజిస్టర్ ఆమెకు ఎదురు తిరుగుతుంది.

అందుకే నా సూచనలు ఇవి. ఆమె ఎలాంటి మనిషో రాయకండి, ఏం జరిగిందో రాయండి. "భయస్థురాలు" అనకుండా ఎవరికి, ఎప్పటినుంచి, ఏ మాట విన్నాక భయపడుతోందో రాయండి. ఆమె మాటలు ఆమె యాసలోనే, తేదీతో రాయండి. మౌనంగా ఉంటే మౌనంగా ఉందనే రాయండి, పక్కన ఎవరున్నారో కూడా రాయండి. అత్తో మరిదో తోడొచ్చిన రోజు మౌనానికీ, ఒంటరిగా వచ్చిన రోజు మౌనానికీ అర్థం ఒకటి కాదు. డాక్టరు అవసరమైతే తప్పకుండా పంపించండి, కానీ జబ్బు పేరు మనం పెట్టకూడదు.

మన ధ్యాసకు కూడా హద్దుంది. రోజుకు పదిమంది గోడు వినే కార్యకర్త అలిసిపోతుంది, పదకొండో ఆమెను "ఇదీ మామూలే" అని వింటుంది. ఇది ఆ కార్యకర్త గుణదోషం కాదు, పని భారం. దాన్ని సంస్థలు పంచుకోవాలి.

వచ్చే సమావేశానికి ప్రతి బృందం పాత కేసు నోట్సు ఐదు తీసుకురండి. పేర్లు, ఊళ్లు కొట్టేసి తెండి. మనం స్వభావం రాసిన చోట్ల గీత గీద్దాం. ఆ గీతల పక్కన అప్పుడు అడగని ప్రశ్న రాద్దాం. ఆ స్త్రీలలో ఇంకా మన దగ్గరకు వస్తున్నవాళ్లు ఉంటే, ఆ ప్రశ్న ఈసారి అడుగుదాం.