లేని చెరువుకు అప్పు పుట్టింది, ఉన్న కౌలు రైతుకు పుట్టలేదు

(ఏలూరులో రైతు సంఘం అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సీబీఐ అనగానే మనం ఢిల్లీ సంగతి, పెద్ద నాయకుల సంగతి అనుకుంటాం. టీవీలో చూసి వదిలేస్తాం. కానీ సీబీఐ ఫైళ్లలో మన చేపల చెరువులు కూడా ఉన్నాయి.

2009 నుంచి 2013 మధ్య ఐడీబీఐ బ్యాంకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేపల సాగుకని కిసాన్ క్రెడిట్ కార్డు కింద అప్పులిచ్చింది. మన భీమవరం శాఖ కూడా అందులో ఉంది. లేని చెరువులకు దొంగ కౌలు పత్రాలు పెట్టారని, తాకట్టు ఆస్తుల విలువ పెంచి చూపారని 2018లో ఆ బ్యాంకే ప్రకటించింది. మొత్తం రూ.772 కోట్లు. సీబీఐ కేసులు పెట్టింది. ఎవరు దోషులో కోర్టులు తేలుస్తాయి. మనం అడిగేది వేరే ఉంది.

చెరువు అనేది బీరువాలో దాచే వస్తువా? గట్టెక్కితే కనబడుతుంది. తూము కనబడుతుంది, మేత బస్తాలు కనబడతాయి. కొల్లేరు పిల్లవాణ్ణి అడిగినా ఫలానా సర్వే నంబరులో చెరువుందో వరి ఉందో చెబుతాడు. ఒక్కరు వచ్చి చూసి ఉంటే అన్ని కోట్లు పోయేవా? అదే బ్యాంకుల దగ్గరకు నిజంగా నేల దున్నే కౌలు రైతు వెళితే ఏమంటున్నారు? యజమాని సంతకం తెమ్మంటున్నారు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టంలోనూ యజమాని ఒప్పుకోనిదే కార్డు రాదు. దొంగ కౌలు పత్రానికి కోట్లు, నిజమైన కౌలుకు ఖాళీ చెయ్యి. ఇదీ మన బాధ.

సీబీఐ 1963 ఏప్రిల్ 1న ఆ పేరుతో ఏర్పడింది. కేంద్ర ఉద్యోగులు, ప్రభుత్వ రంగ బ్యాంకులు, ఎఫ్‌సీఐ వంటివి దాని కిందికి వస్తాయి. కానీ రాష్ట్రం అనుమతి లేనిదే మామూలుగా రాష్ట్రంలో అడుగు పెట్టలేదు. మన రాష్ట్రం ఆ అనుమతిని 2018 నవంబరులో వెనక్కి తీసుకుంది, 2019 జూన్‌లో కొత్త ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. పైగా 2018 సవరణలో 17ఎ సెక్షను తెచ్చారు. అధికారి విధుల్లో భాగంగా తీసుకున్న నిర్ణయంపై విచారణ మొదలెట్టాలంటే ముందు పై ప్రభుత్వం ఒప్పుకోవాలి. గేటు తాళం యజమాని దగ్గరుంటే కాపలావాడు ఏం చేస్తాడు? అందుకే మనం ఏ పార్టీనీ చూసి మురిసిపోవద్దు. ఏ ప్రభుత్వం ఉన్నా ఆ సంస్థ స్వతంత్రంగా పనిచేయాలని అడగాలి.

ఇక మన రోజువారీ లంచాలు. పాస్‌పుస్తకానికి, సర్వేకి, కరెంటు కనెక్షనుకు చెయ్యి చాపేది రాష్ట్ర ఉద్యోగి. అక్కడ పట్టుకునేది ఏసీబీ. టోల్‌ఫ్రీ నంబరు 1064. లంచం ఇవ్వడం కూడా నేరమే. అయితే బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే నేరం కాదు. ముందే చెప్పి, వాళ్ల పథకం ప్రకారం ఇస్తే అసలే కాదు. పొడి పూసిన నోట్లు పట్టుకున్న వేళ్లు సోడా ద్రావణంలో ముంచితే గులాబీ రంగు తేలుతుంది. అప్పటికప్పుడు పట్టుకోవడానికి కుదిరేది అడిగిన రోజే చెబితేనే. పని అయ్యాక అరుగు మీద కూర్చుని తిట్టుకుంటే ఏ శాఖా రాదు.

భయం ఉంటుంది. రేపు మళ్లీ ఆ ఆఫీసు మెట్లే ఎక్కాలి. అందుకే ఒక్కరే వెళ్లొద్దు, సంఘాన్ని వెంట తీసుకెళ్లండి. దరఖాస్తుకు రసీదు అడగండి. ఆధార్, పాస్‌పుస్తకం జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దు. చదవని కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. మీ పేరు మీద మీకు తెలియని అప్పు ఉందేమో బ్యాంకులో అడిగి చూసుకోండి.

మన డిమాండ్లు మూడు. చెరువైనా చేనైనా కళ్లతో చూసి అప్పివ్వాలి. సంతకం పెట్టిన అధికారే జవాబు చెప్పాలి. యజమాని సంతకంతో పని లేకుండా కౌలు రైతుకు పంట రుణం రావాలి. వీటి మీద ప్రతి ఊళ్లో సంతకాలు సేకరించి రెండు జిల్లాల కలెక్టర్లకూ ఇద్దాం. ఏజెన్సీలు వచ్చేది డబ్బు పోయాక. పోకుండా కాపలా కాయాల్సింది మనమే.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!