పలుకని డీజిలు ట్రాక్టరు: పట్టాదారులకు ప్రసంగము



మృగశిర కార్తెలో తొలి వాన కురిసిన పిమ్మట భూమిలో విత్తుటకు తగిన పదను నిలుచునది కొలది దినములు మాత్రమే. ఆ దినములలో ట్రాక్టరు పలుకకున్నచో విత్తనము వెనుకబడును. బాడుగకు అరకలు దొరకవు. మేస్త్రీ పొరుగూరి చేలలో నుండును. ఎద్దు మొరాయించినప్పుడు దాని గిట్టను, మెడను, కంటిని పరీక్షించునట్టి రైతే, ట్రాక్టరు మొరాయించినప్పుడు ఏమియు చూడక తాళపుచెవిని మరల మరల త్రిప్పుచుండుట వింతయైన విషయము. అందువలన లోపము తీరదు. బ్యాటరీ శక్తి హరించి, ఒక జబ్బు రెండు జబ్బులగును.

డీజిలు ఇంజనునందు నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. సిలిండరులోనికి వచ్చిన గాలిని పిస్టను పదునాఱవ వంతునకో, పదునెనిమిదవ వంతునకో అణచును. అణగిన గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడును మించి వేడెక్కును. ఆ వేడిలోనికి నాజిలు ద్వారా డీజిలు సన్నని తుంపరగా పడినంతనే తనంతట తానే రగులుకొనును. రుడాల్ఫు డీజిలు 1897లో జర్మనీదేశమందలి ఆగ్సుబర్గు నగరమున నడిపి చూపిన యంత్రము మొదలు నేటి ట్రాక్టరు వఱకు మూలసూత్ర మిదియే. కావున ఇంజను చాలినంత వేగముతో తిరుగవలెను. దానికి ధారాళముగా గాలి అందవలెను. గాలిబుడగ గాని నీటిబొట్టు గాని లేని డీజిలు చేరవలెను. సిలిండరునకు ప్రాణమైన గాలియే డీజిలు గొట్టములో దూరినప్పుడు శత్రువగును.

మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇంజను తిరుగుచున్నదా, లేదా? తిరుగక "టక్కు" మని మాత్రము శబ్దమైనను, మెల్లగా మూలుగుచు తిరిగినను, లోపము బ్యాటరీ వైపున నుండుట సామాన్యము. బ్యాటరీ కొనలపై పట్టిన తెల్లని, పచ్చని చిట్టెమును వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, తుడిచి, తీగెలను గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయవలెను. నిండు శక్తిగల 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిగా నున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును గావున దానిచెంత బీడీ గాని దీపము గాని తగదు. క్లచ్చి పూర్తిగా త్రొక్కనిదే సెల్ఫు పనిచేయని ట్రాక్టరులును గలవు. ఈ చిన్న మాట మఱచి మేస్త్రీకి కబురంపినవారు లేకపోలేదు.

ఇంజను చక్కగా తిరుగుచుండియు పలుకకున్నచో సైలెన్సరు వైపు చూడవలెను. పొగ ఏమాత్రము రాకున్నచో డీజిలు సిలిండరునకు చేరుటలేదని యర్థము. తెల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు చేరుచున్నది గాని మండుటలేదు. చలి, నీరు, అరిగిన రింగులు మున్నగువానిలో నేదైనను కారణము కావచ్చును. నల్లని పొగయైనచో గాలి ఫిల్టరు దుమ్ముతో పూడినదేమో చూడవలెను.

పొగ లేనప్పుడు, ఇంజను నాపుటకు లాగు పిడి వెనుకకు త్రోయబడినదా, ట్యాంకులో డీజిలున్నదా, ట్యాంకు కుళాయి తెఱచియున్నదా యని చూడవలెను. ట్యాంకు మూతయందలి సన్నని రంధ్రము బురదతో మూసికొన్నను డీజిలు దిగదు. ఇంజను కొంతసేపు నడిచి ఆగిపోవుచున్నచో మూత వదులు చేసి చూచిన తెలియును.

ఇవన్నియు సరిగానున్నచో గొట్టములో గాలి చేరియుండును. మేస్త్రీలు దీనినే "ఎయిరు పట్టిన" దందురు. డీజిలు పూర్తిగా అయిపోవువఱకు నడపుట, ఫిల్టరు మార్చుట దీనికి ముఖ్య కారణములు. ట్యాంకునకు, ఫీడ్ పంపునకు నడుమనున్న గొట్టము చిట్లినను గాలి చేరును. పంపు ఆ గొట్టమునుండి డీజిలును పీల్చుచుండును గనుక, చిట్లినచోట బొట్టయినను కారకుండ గాలి లోనికి దూరగలదు. తడి లేదు గాన లోపము లేదనుకొనుట పొరపాటు.

గాలి తీయుటకు ముందు ట్యాంకులో డీజిలు పోసి, ఫిల్టరు చుట్టును దుమ్ము లేకుండ తుడువవలెను. ట్యాంకునకు దగ్గఱనున్న ఫిల్టరు పైమరను రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు చేతిపిడిని ఆడింపవలెను. పిడి బిగువు లేక వదులుగా ఆడుచున్నచో ఇంజనును కొంచెము త్రిప్పి మరల ప్రయత్నింపవలెను. తొలుత నురుగు వచ్చును. నురుగు పోయి బుడగలు లేని డీజిలు వచ్చువఱకు ఆడించి, డీజిలు కారుచుండగనే మర బిగింపవలెను. పిమ్మట రెండవ ఫిల్టరు, ఆపైన పెద్ద పంపు. ఈ వరుస తప్పరాదు. అప్పటికిని పలుకకున్నచో నాజిళ్ళ గొట్టముల నట్లను ఒక్క చుట్టు వదులు చేసి, సెల్ఫుతో త్రిప్పి, డీజిలు చిమ్మిన పిమ్మట బిగింపవలెను. సెల్ఫును పది పదునైదు సెకండ్లకు మించి పట్టియుంచక, నడుమ ఒక నిమిషము విరామ మీయవలెను.

నాజిలునుండి చిమ్ము డీజిలు చర్మమును చీల్చి లోనికి దూరగలదు. గాయము సూదిమొనంతయే యైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆలస్యమైనచో వ్రేలు పోవచ్చును. కొత్తగా వచ్చిన కామన్ రైలు ఇంజనులందు ఒత్తిడి వేయి వాతావరణములను మించును గనుక వానియందు పై గొట్టములను రైతు వదులు చేయనేకూడదు.

అంతకన్న ఘోరమైనది మఱియొకటి గలదు. తాళపుచెవి పనిచేయకున్నచో కొందఱు పెద్ద చక్రము ముందు నేలపై నిలిచి, సెల్ఫు కొనలను స్క్రూడ్రైవరుతో కలుపుచున్నారు. గేరు పడియున్నచో ఇంజను పలికినంతనే ట్రాక్టరు కదలి ఆ మనిషిమీదుగా పోవును. ఏ తొందరయు ఈ పనికి సమాధానము గాదు. సెల్ఫు త్రిప్పవలసినది సీటుపై కూర్చుండి, గేరు తటస్థముగా నుంచి మాత్రమే.

పెద్ద పంపును, నాజిళ్ళను చేనిగట్టున విప్పరాదు. వాని లోపలి భాగముల నడుమ సందు వెండ్రుకకన్న సన్నము. ఒక్క ఇసుకరేణువు చాలును. అట్టి పనికి మేస్త్రీని పిలుచునప్పుడు ఇంజను తిరిగినదా, పొగ ఏ రంగున నున్నది, గాలి తీసినప్పుడు నురుగు ఎంతసేపు వచ్చినది అనునవి చెప్పినచో అతడు తగిన సామానుతో వచ్చును. వేసవిలో ట్రాక్టరును నిలిపియుంచువారు ట్యాంకును నిండుగా పోసియుంచవలెను. వెలితి యున్నచో లోపలి తడిగాలి రాత్రివేళ నీరై అడుగున చేరును. కార్తెకు వారము ముందు ఫిల్టరు అడుగు మర విప్పి ఆ నీటిని వదలి, ఒకమారు ఇంజనును నడిపి చూడవలెను.